గృహవిజ్ఞానము: ఉప్పునీటి తొట్టిలో దేనితో కట్టవలెను?



కట్టుట, కుట్టుట, అతుకుట, బిగించుట: ఇవి యన్నియు మన చేతిపనులు. పూలదండకు అరటినార, ఊరగాయ జాడీకి వాసెనగుడ్డ, గుమ్మమునకు తోరణపు పురికొస, చిరిగిన పుస్తకమునకు మైదాజిగురు. ఏ పనికేది తగునో మనకెవరును పలకమీద వ్రాసి నేర్పలేదు. పెద్దలు చేయుచుండగా చూచి తెలిసికొంటిమి. ఊరగాయను ఇత్తడిగిన్నెలో నుంచు గృహిణి మనలో లేదు. కళాయి పోయిన గిన్నెలో పులుసు కాచిన చిలుమెక్కునని మన తల్లులు మనకు చెప్పియే యుందురు. ఉప్పును పులుపును జాడీలో నుండవలెను గాని లోహపు పాత్రలో నుండరాదు.

ఇంత తెలిసియు నేను నిరుడు ఒక తప్పు చేసితిని. దాని వలన ఒక చిన్నప్రాణి పోయినది. గత మాసమున ఒక సోదరి నాకు వ్రాయుచు, తమ యింట సముద్రపు చేపల తొట్టి పెట్టుకొన్నామనియు, అందులోని రాళ్లు జారకుండ ఇత్తడితీగతో కట్టవచ్చునా యనియు అడిగినారు. ఆ జాబు చదువగానే నాకు నా తప్పు జ్ఞప్తికి వచ్చినది. కట్టవలదని ఒక్కమాటతో బదులు వ్రాయవచ్చును. కాని యేల కట్టరాదో తెలియని నిషేధము రెండుదినములే మనసున నిలుచును. కావున జరిగినది జరిగినట్లు చెప్పి, పిమ్మట నేను నేర్చుకొన్న విషయములను మీ ముందుంచుచున్నాను.

మా తొట్టి కథ

మా వారు ఉన్నత పాఠశాలలో శాస్త్రపాఠములు చెప్పుదురు. మేముండునది విశాఖతీరమున. పిల్లలు సముద్రమును ఒడ్డుననుండి చూచుటయే గాని దాని లోపలి జీవనము నెఱుగరని, వారు ఇన్నూఱు లీటర్ల గాజుతొట్టి యొకటి మా ముందరిగదిలో నమర్చిరి. అందులో పింగాణితో చేసిన రంధ్రములు గల రాళ్లు, తొట్టెలలోనే పుట్టి పెరిగిన రెండు క్లౌను చేపలు, ఒక రొయ్య. ఆ రొయ్య మనము కూర వండుకొను జాతి కాదు. దాని యెఱ్ఱని వీపు నడుమ తెల్లనిగీత, ముందునకు పొడుగైన తెల్లని మీసములు. చేపలు వచ్చి దాని చెంత నిలువగా, అది వాని మేనిపైని పరాన్నజీవులను, చచ్చిన చర్మమును ఏరి తినును. తొమ్మిదేండ్ల మా అమ్మాయికి ఆ రొయ్యపైననే ప్రాణము. చేయి నీటిలో నుంచిన అది దాని గోళ్లనుగూడ శుభ్రపఱచెడిది.

ఒకనాడు రాళ్లతో పేర్చిన కమాను ఒకప్రక్కకు ఒరిగినది. మా వారు ఇంట లేరు. ఒరిగిన రాయి గాజును తాకునేమో యని తొందరపడి, అటకమీది పెట్టెలో చేతికందిన పాత కరెంటుతీగ ముక్క తీసి, రెండుచోట్ల గట్టిగా చుట్టి మెలిపెట్టి, కొసలను పట్టకారుతో త్రుంచితిని. తీగపై ఎఱ్ఱని ప్లాస్టిక్ తొడుగున్నది గదా, లోపలి రాగికి నీరు తగులదనుకొంటిని. త్రుంచిన కొసలు నాలుగు నీటిలోనే యున్నవన్న సంగతి నాకు తోచలేదు.

మూడవనాటికి రొయ్య మేత ముట్టలేదు. అయిదవనాటి యుదయమున అది అడుగున ప్రక్కకు ఒరిగి యుండెను. చేపలు మాత్రము ఎప్పటివలెనే తిరుగుచుండెను. మా వారు తీగను పైకి తీసి, తొడుగును బ్లేడుతో కోసి చూపిరి. కొసలందు పచ్చని చిలుము. తొడుగు లోపల అంగుళము దూరము వరకును రాగిపోగులు నల్లబడినవి. రాగిని కనుగొను పరీక్షామందు తెప్పించి నీటిలో కలుపగా, రాగి యున్నదని రంగు తేలినది.

మా అమ్మాయి వచ్చి, “అమ్మా, రొయ్యకేమి జబ్బు చేసినది?” అని యడిగెను. జబ్బనియో ముసలితనమనియో చెప్పిన అది నమ్మియుండెడిది. మా వారు నా వంక చూచి యూరకుండిరి. “జబ్బు కాదు తల్లీ. నేను కట్టిన తీగ విషమైనది. నాకు తెలియక చేసితిని గాని, చేసినది నేనే” అంటిని. అది మాఱుమాటాడలేదు. ఆ రాత్రి మాత్రము నా ప్రక్కలోనికి రాక తండ్రివద్ద పండుకొన్నది.

ఉప్పునీరు లోహము నేమి చేయును?

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణము లుండును. అందులో 19 గ్రాములు, అనగా సగమునకు పైగా, క్లోరైడు. లోహములకు శత్రువు ఈ క్లోరైడే. మన స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెలు త్రుప్పు పట్టకుండుటకు కారణము వాని పైనుండు క్రోమియము ఆక్సైడు పొర. అది కంటికి కనబడనంత పలుచనిది. మంచినీటిలో ఆ పొర గీసికొనిపోయినను మరల తానే కట్టుకొనును. ఉప్పునీటిలోనైతే క్లోరైడు ఆ పొరను అక్కడక్కడ ఛేదించి, సూదిబెజ్జములవంటి గుంటలు త్రవ్వి లోపలి ఇనుమును తినుచుండును. వంటింట పదేండ్లు మెఱసిన గరిటెయైనను తొట్టిలో కొలదికాలమునకే మచ్చలు పడుటకు హేతువిదియే.

రెండు వేఱు లోహములు ఒకదానినొకటి తాకుచు ఉప్పునీటిలో నున్నచో మఱియొక యపాయము కలదు. 1800 సంవత్సరమున ఇటలీ శాస్త్రజ్ఞుడు ఓల్టా, వెండిబిళ్లల నడుమ జింకుబిళ్లలను ఉప్పునీట తడిపిన అట్టముక్కలతో పేర్చి విద్యుత్తు పుట్టించెను. మనము రాగితీగను ఇనుపమేకుతో కలిపి తొట్టిలో నుంచిన, మనకు తెలియకయే అట్టి విద్యుద్ఘటమును చేసినవారమగుదుము. రెండింటిలో బలహీనమైన లోహము త్వరగా కరగిపోవును.

ఇది మొదట తెలిసివచ్చినది ఓడలవారికి. 1761లో బ్రిటిషు నౌకాదళమువారు ‘అలారం’ అను యుద్ధనౌక యడుగునకు రాగిరేకులు తొడిగిరి. కొయ్యను తొలుచు పురుగులును, పాచియు, గుల్లలును పట్టకుండుటకై చేసిన పని యది. రేకులను ఇనుపమేకులతో బిగించిరి. 1763లో ఓడను ఒడ్డుకెక్కించి చూడగా రాగి చక్కగా నున్నది గాని మేకులనేకము త్రుప్పుముద్దలైనవి. కొన్ని మేకులు మాత్రము గట్టిగా నుండెను. వాని తలల క్రింద, రేకులు చుట్టివచ్చిన గోధుమరంగు కాగితము చిక్కుకొని, రాగికిని ఇనుమునకును నడుమ అడ్డుగా నిలిచినది. ఒక కాగితపుముక్క యింత మేలు చేసినది!

తరువాత 1824లో హంఫ్రీ డేవీ యను రసాయనశాస్త్రజ్ఞుడు రాగి కరగకుండ నాపుటకు, దానికి ఇనుపముక్కలను జింకుముక్కలను తగిలించి చూచెను. రాగి కరగుట నిలిచినది. కాని వెంటనే ఓడ యడుగున పాచియు గుల్లలును దట్టముగా పెరుగజొచ్చెను. కొంతకాలమునకు ఆ యేర్పాటు తీసివేసిరి. అనగా రాగి కొంచెము కొంచెముగా నీట కరగుచుండుట వలననే సముద్రజీవులు ఓడ దరి చేరలేదన్నమాట. ఓడ యడుగున ఏ గుణమును కోరి రాగిని తొడిగిరో, ఆ గుణమే మన తొట్టిలో మారకమగుచున్నది.

ఇందొక వింత కలదు. రొయ్యలకును పీతలకును మన రక్తమువలె ఇనుముతో గూడిన ఎఱ్ఱరక్తముండదు. వాని రక్తములో ప్రాణవాయువును మోయునది రాగితో గూడిన హీమోసయనిన్ అను పదార్థము. రాగి వానికి శరీరములోని భాగమే యయ్యును, నీటిలో విడిగా కరగిన రాగి మొప్పలను చెఱచి చంపును. చేపలకు పట్టు కొన్ని పరాన్నజీవి రోగములకు లీటరునకు మిల్లీగ్రాములో అయిదవ వంతు మోతాదున రాగిమందు వేయుట కలదు. ఆ మోతాదునకు పెక్కుచేపలు ఓర్చుకొనును, వెన్నెముక లేని జీవులు ఓర్వలేవు. కావుననే ఆ వైద్యమును వేఱు తొట్టిలో చేయుదురు. మా యింట చేపలు బ్రదికి రొయ్య పోవుటకు కారణమిదియే.

భాగవతములోని క్షీరసాగరమథనము మనమందఱము విన్నదే. మందరగిరికి త్రాడుగా చుట్టిన వాసుకి ముఖములనుండి వెడలిన విషాగ్నిధూమములకు అసురులు మాడిపోయిరి. కట్టినత్రాడే విషము గ్రక్కుట మనకు క్రొత్తకథ కాదు. అక్కడ హాలాహలము పుట్టినప్పుడు దానిని మ్రింగి కంఠమున నిలుపుకొన్న దయామయుడుండెను. గాజుతొట్టిలో అట్టివాడు లేడు. అందలి జీవులకు వేఱొకచోటికి పోవుటకును దారిలేదు.

వాడరానివి

రాగి, ఇత్తడి, కంచు: ఇవి తీగయైనను మరయైనను గొట్టపు బిగింపైనను కూడనే కూడదు. ఇత్తడిలో జింకుకూడ కలదు. అదియు సముద్రజీవులకు హానికరమే. జింకుపూత పూసిన ఇనుము, సీసపుగుండ్లు, నాణెములు సైతము వలదు.

ప్లాస్టిక్ తొడిగిన తీగను నమ్మరాదు. కోసిన కొసనుండి నీరు లోపలికి ప్రాకునని నేను చూచితిని. రొట్టెపొట్లముల మూతికి చుట్టివచ్చు చిన్నకట్టులలోను సన్నని ఇనుపతీగ యుండును.

స్టెయిన్‌లెస్ స్టీలులో 304 అను రకము గృహోపకరణములకు విశేషముగా వాడబడుచున్నది. ఉప్పునీటికి అది నిలువదు. 316 అను రకములో మాలిబ్డినము కలిసియుండుటచే కొంత మేలు. అయినను నిత్యము నీటమునిగి యుండుచోట, గాలియాడని మూలలలో, అదియు గుంటలు పడును. అయస్కాంతముతో పరీక్షించి మంచిస్టీలని నిశ్చయించుకొందుమన్న, ఈ రెండురకములును సాధారణముగా అయస్కాంతమున కంటుకొనవు. కావున ఆ పరీక్షవలన తేడా తెలియదు.

గాజును తుడుచు సాధనములలోని అయస్కాంతములు ఇనుము, నియోడిమియము, బోరానులతో చేసినవి. వానిపై నికెలు, రాగి, మరల నికెలు పూతలు పూయుట పరిపాటి. ఆపైన ప్లాస్టిక్ తొడుగుండును. తొడుగు పగిలినదా, అయస్కాంతము త్రుప్పుతో ఉబ్బి చీలి, పూతలోని రాగికూడ నీటి పాలగును. పగులు కనబడిన నాడే దానిని పాఱవేయవలెను.

రబ్బరుబ్యాండ్లు కొలదివారములకే జిగటలై తెగును. గాజునకు పీల్చుకొని నిలుచు రబ్బరుచిప్పలు విషము కావు గాని, నాళ్లు గడచినకొలది గట్టిపడి ఊడును. వానిపై బరువు నిలుపరాదు. కొబ్బరిత్రాడు, జనుపత్రాడు, వెదురుబద్ద మన పందిళ్లకు మేలైనవే; తొట్టిలో క్రుళ్లి నీటిని పాడుచేయును.

నీటిలోనివానినేగాక నీటిపైనివానినిగూడ చూడవలెను. తొట్టిపై దీపమును నిలుపు మరలు, మూతకీలులు ఉప్పుతుంపరలచే త్రుప్పు పట్టి, ఆ త్రుప్పు బొట్లుబొట్లుగా తొట్టిలోనే పడును. పైనున్నదని యేమఱువరాదు.

వాడదగినవి

నైలానుతో చేసిన కేబులు టైలు అన్నిటికంటె సులభమైనవి. పంటివద్ద చిన్న లోహపునాలుక గలవి కొన్ని వచ్చుచున్నవి. కొనునప్పుడు త్రిప్పిచూచి, అంతయు నైలానైనవే తీసికొనవలెను. బిగించిన పిదప మిగిలిన కొసను మొదలంట కోయవలెను. లేనిచో ఆ మొన చేపకన్నునకు తగులును. చేపలుపట్టువారు గాలమునకు కట్టు నైలానుదారముకూడ చాల మంచిది. అది కంటబడదు, కుళ్లదు. కాని వదులుగా వ్రేలాడిన చేపరెక్క చిక్కుకొనును. కావున ముడిని బిగించి కొసలను పొట్టిగా త్రుంచవలెను.

రాళ్లను నిలబెట్టుటకు ఉత్తమమార్గము కట్టుటకంటె గ్రుచ్చుట. రాళ్లకు రంధ్రములు చేసి, ఆక్రిలికు కడ్డీని అందులో దూర్చిన, దండలో పూసలవలె నిలుచును. పి.వి.సి. గొట్టములతో చట్రముచేసి దానిపై రాళ్లను పేర్చుటయు నున్నది. ఆ గొట్టముల నతుకు ద్రావకము పూర్తిగా ఆఱి, వాసన పోయినపిదప కడిగి వాడవలెను. పాలిఎథిలీను, పాలిప్రొపిలీను, ఆక్రిలికు, గాజు, పింగాణి — ఇవి ఉప్పునీటికి చలింపనివి. లోహమే తప్పనిసరియైనచో టైటానియ మొక్కటి నిశ్చింతగా వాడదగినది. దాని పైపొర సముద్రపునీటిలోను చెడదు. వెల మాత్రము హెచ్చు.

నూలుదారమును గూర్చి ఒకమాట. అది కొన్నివారములలో కుళ్లి తెగును. శాశ్వతమైన కట్టునకు పనికిరాకున్నను, సముద్రపుపాచిమొక్కను రాతికి కట్టుటకు అదే మేలు. మొక్క రాతిని పట్టుకొనునప్పటికి దారము తానే తొలగును.

బంకలు

సిలికోను బంకలో, ఆఱునప్పుడు వెనిగరువాసన వచ్చు రకమున్నది. అందు నూటికి నూఱుపాళ్లు సిలికోనే యని వ్రాసియున్నదియు, బూజు పట్టకుండ మందు కలుపనిదియు మాత్రమే కొనవలెను. స్నానపుగదుల కమ్ము రకములలో ఆ బూజుమందు తఱచుగా నుండును. ఫంగసును చంపు మందు చేపకు మేలుచేయునా? సిలికోను గాజునకు చక్కగా నంటును, ఆక్రిలికునకు, పి.వి.సి.కి సరిగా నంటదు. పైపైన గంటలో ఆఱినట్లు కనబడినను, లోపల ఆఱుటకు దినములు పట్టును. నేను వారముదినము లుంచి, వాసన బొత్తిగా పోయినపిదపనే నీటిలో నుంతును.

క్షణములో నంటుకొను సయనోఅక్రిలేటు బంక జారిపోని చిక్కని రకమైనచో తొట్టిపనికి పనికివచ్చును. ఇది గట్టిపడుటకు తేమయే కారణము. కావున నీట ముంచిన వెంటనే పైపొర బిగిసికొనును. చిన్నవస్తువుల నతుకుటకు ఇది చాలును, పెద్దరాయిని మోయలేదు. దీనిని వాడునపుడు ఒక జాగ్రత్త తప్పక గుర్తుంచుకొనుడు: ఈ బంక నూలుగుడ్డపై నొలికిన, ఆ చర్యవలన మిక్కిలి వేడి పుట్టి చర్మము కాలవచ్చును. నూలుచీర చెఱగుతో చేయి తుడుచుకొను నలవాటు మనకున్నది. ఆ సమయమున చెఱగు బిగించుకొనుడు, పిల్లలను దూరముగా నుంచుడు.

రెండుముద్దలు కలిపి పిసుకు ఎపాక్సీ పెద్దరాళ్లకు మేలు. తొట్టెలకు పనికివచ్చునని చీటీపై స్పష్టముగా వ్రాసియున్న రకమునే కొనవలెను. గట్టితనమునకై లోహపుపొడి కలిపినవి గూడ అంగళ్లలో నున్నవి. అవి మనకు కావు. చేతులకు తొడుగులు వేసికొని పిసుకవలెను. ఒకేమాఱు ఎక్కువగా వాడిన నీరు మబ్బుపట్టును. ఈనాడు కొంత, నాలుగునాళ్ల తరువాత కొంత యని పని సాగించుట మంచిది.

అనుమానమున్న వస్తువును ముందుగా గాజుగ్లాసెడు ఉప్పునీటిలో నెలదినము లుంచి చూడుడు. త్రుప్పో రంగో వాసనయో పుట్టిన పాఱవేయుడు. ఏమియు పుట్టనంత మాత్రమున అది నిర్దోషమని మాత్రము తలపరాదు. కరగిన రాగి కొంచెమైన కంటికి కనబడదు. ఏ పదార్థముతో చేసినదో తెలియని వస్తువు తొట్టిలోనికి పోరాదు.

సూదిదారముతో ఒక స్త్రీ

ఈ విద్య పురుషులది, మనకెందుకని యెవరైన అనినచో వారికి ఆనా థిన్ పేరు చెప్పుడు. ఆమె లండనులో వెస్ట్‌మినిస్టరు దేవాలయమున అధికారియగు నొక మతాచార్యుని భార్య. 1846లో ఇంగ్లండు దక్షిణతీరమున టార్కీ యను నూరిలో నున్నప్పుడు, సజీవములైన రాతిపగడములను చూచి ముచ్చటపడి లండనునకు తీసికొనిపోవ నెంచినది. దారిలో అవి కదలి దెబ్బతినకుండ ఏమి చేయవలెను? సూదియు దారమును తీసి, వానిని పెద్ద స్పంజికి కుట్టి, సముద్రపునీరు నింపిన రాతిజాడీలో నుంచినది. రాతిజాడీ! మన ఊరగాయ నుంచునట్టిదే. లండను చేరిన పిదప తాజా సముద్రపునీరు దొరకమి, పనిమనిషిచేత నిత్యము ఆ నీటిని తెఱచిన కిటికీయొద్ద పాత్రనుండి పాత్రకు ధారగా పోయించి గాలి కలిపించెను. మఱుసటి సంవత్సరమున సముద్రపు పాచిమొక్కలను చేర్చెను. లండను జంతుప్రదర్శనశాలలో ప్రజలకై తొట్టెలశాల తెఱచినది 1853లో. అంతకుముందే ఒక యిల్లాలు సముద్రజీవులను తన యింట బ్రతికించినది. ఆమె కట్టునకు వాడినది లోహము కాదు, మన చేతిలోని దారమే.

అయితే ఆమె చేసినట్లు మనము పగడములను తీసికొని రాకూడదు. రాతిపగడములు, సముద్రపు విసనకఱ్ఱలు మొదలగునవి 2001 నుండి మనదేశమున వన్యప్రాణి సంరక్షణచట్టము మొదటి షెడ్యూలులో చేరియున్నవి. ఒడ్డున దొరికిన చచ్చిన పగడపుముక్కయైనను ఇంటికి తేవలదు. అందుచేతనే మా తొట్టిలో పింగాణిరాళ్లు.

తప్పు జరిగినచో

ముందుగా ఆ లోహమును తీసివేయుడు. బ్రతికియున్న రొయ్యలను నత్తలను వేఱుగా సిద్ధపఱచిన శుద్ధమైన ఉప్పునీటిలోనికి మార్చుడు. కాని మార్చునప్పుడు ఉష్ణతయు ఉప్పును సరిచూచి, మెలమెల్లగా అలవాటుచేయుడు. తొట్టినీటిని పలుమాఱులు కొంతకొంతగా మార్చుడు. బొగ్గువడపోత కొంత సాయపడును. రాగిని పట్టుకొనుటకే చేసిన వడపోత గుళికలు దొరకును, అవి మేలు. సున్నపు రాళ్లును ఇసుకయు రాగిని పీల్చుకొని నెలల తరబడి మెల్లగా విడుచునని తెలిసికొనుడు. మేము ఇసుకయంతయు పాఱబోసి, రాళ్లను మార్చి, పరీక్షలో మూడుమాఱులు వరుసగా రాగి లేదని తేలువఱకు క్రొత్తప్రాణిని తేలేదు.

ఆ మూడవ పరీక్షనాడు గాజునాళికను పట్టుకొని నిలిచినది మా అమ్మాయియే. రంగు మాఱకుండుట చూచి, “ఇప్పుడు తేవచ్చునమ్మా” అన్నది. క్రొత్తరొయ్య వచ్చినది. రాళ్లను ఈమాఱు మేమిద్దఱము కలిసి నైలానుదారముతో కట్టితిమి; ముడి నేను వేసితిని, కొస అది త్రుంచినది. నాటినుండి మా యింట తొట్టిలోనికి పోవు ప్రతివస్తువును అది నా చేతినుండి తీసికొని, “అమ్మా, దీనిని ఏడాదిపాటు ఊరగాయజాడీలో నుంతువా?” అని యడుగును. ఉంచుదునని ధైర్యముగా చెప్పలేని వస్తువు తొట్టిలోనికి పోదు. కొయ్యగరిటెవంటి కుళ్లువస్తువుల విషయమున ఈ నియమము చాలదు గాని, లోహముల విషయమున ఇంతకంటె సులభమైన నియమము నాకు దొరకలేదు.

జాబు వ్రాసిన సోదరికి నా బదులిది: ఇత్తడితీగను పెట్టెలోనే యుండనిండు. అంగడిలో గాలపు నైలానుదారము కొనుడు. ఇప్పటికే కట్టియున్నచో ఈ పుట మూయకమునుపే పోయి విప్పుడు.